నూటముప్పై రెండు శుక్రవారాలు

కువైట్ వెళ్లొచ్చానంటే మా వైపు ఎవరూ వింతగా చూడరు. ఊళ్లో సగం ఇళ్లకు అక్కడ మనిషి ఉన్నాడు. "ఎన్నేండ్లుంటివి?" అని మాత్రం అడుగుతారు. తొమ్మిది రోజులని చెబితే నవ్వుతారు. నేను పనికి పోలేదు. ఒక చైనా పెద్దమనిషి పదకొండేళ్లుగా రాసుకున్న అంకెల్ని సరిచూడటానికి పోయాను. ఆయన గురించి తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో ముప్పై ఏళ్లుగా కొలతలు రాస్తున్నాను. బడి చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. తర్వాతి లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నవే. మా చెల్లెలు రమణమ్మ ఆ చైనా పెద్దాయన ఇంట్లో ఐదేళ్లుగా పనిచేస్తోంది. మా అన్న నోటితోనే కూడికలు చేస్తాడని ఆమె ఆయన దగ్గర గొప్పలు చెప్పిందట. ఆయన ఒక కాగితం ఫోటో తీయించి పంపారు. అందులో రెండు మొత్తాలు తప్పున్నాయని నేను ఆ సాయంత్రమే చెప్పాను. నెల తిరక్కుండా ఆయన కూతురు నాకు విజిట్ వీసా తీయించింది.

ఫర్వానియా

మొదటి రాత్రి పడుకున్నది మనవాళ్లు ఎక్కువుండే ఫర్వానియాలో, రాయచోటి ఖాదర్ బాషా గదిలో. బాషా వ్యాన్ డ్రైవరు, శుక్రవారం సెలవుకు అక్కడికి వచ్చే మా చెల్లెలికి తెలిసినవాడు. గదిలో ఆరు మంచాలు, ఆరుగురు మనుషులు. గోడకు కొట్టిన మేకులను బట్టి ఎవరి జాగా ఎంతో తెలుస్తుంది. మనిషికి మూడు మేకులు.

అన్నం నేల మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి ఒకే పెద్ద పళ్లెంలో పెట్టారు. అందరం చుట్టూ కూర్చున్నాం. మా ఇళ్లలో ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెట్టం. నేను కాస్త వెనక్కి జరగడం బాషా చూశాడు.

"సిగ్గుపడితే కడుపు మాడ్తాదన్నా. నీ ముందరుండే భాగం నీదే. లెక్కలోడివి గదా, ఏడో వంతు కొల్చుకుని తిను" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ తిన్నాను. ఎర్రకారం వేసిన కోడికూర, దాంతో ఇక్కడి ఖుబ్జ్ అనే రొట్టె. రొట్టె చేటంత ఉంటుంది, బేకరీలో వేడివేడిగా కట్టలు కట్టి అమ్ముతారు. టీ నూటయాభై ఫిల్సులు, అంటే మన నలభై రూపాయల పైమాటే. ఇక్కడ దినారుకు వెయ్యి ఫిల్సులు. చిల్లర లెక్కలో మూడు దశాంశ స్థానాలు వాడే మనుషులను నేను మొదటిసారి చూశాను.

అల్ రాయ్‌లో

మరునాడు ఆదివారం. అక్కడ అది పనిదినం. వాళ్ల సెలవులు శుక్ర, శని వారాలు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు సెలవంటూ ఉంటే శుక్రవారం ఒక్కటే.

ఫహాహీల్‌కు ఏ నంబరు బస్సు ఎక్కాలో బాషా రాసిచ్చి పనికి పోయాడు. నేను రోడ్డుకు ఎడమ పక్కన నిలబడి, నంబరు సరిచూసుకుని ఎక్కాను. మూడు వందల ఫిల్సులు తీసుకున్నారు. నలభై నిమిషాలు పోయినా సముద్రం రాలేదు. కార్ల షోరూములు, టైర్ల దుకాణాలు, గోదాములు వచ్చాయి. దిగి అడిగితే అది అల్ రాయ్ అన్నారు.

టైర్ల దుకాణం దగ్గర హైదరాబాదు మనిషి ఒకాయన నా మాట విని పక్కకు వచ్చాడు.

"అరే పెద్దాయనా, ఇక్కడ బండ్లు కుడి దిక్కు నడుస్తయి. నువ్వు మనూరి లెక్కన నిలవడ్డవ్. నంబర్ కరెక్టే, దిక్కే ఉల్టా. రోడ్డు దాటి మళ్లీ ఎక్కు, యల్లా!"

అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదని ఆ పూట నాకు ఆరు వందల ఫిల్సులు పెడితే గానీ తెలియలేదు.

తొమ్మిదో అంతస్తు

ఫహాహీల్ సముద్రం ఒడ్డున ఉంటుంది. వాళ్ల తొమ్మిదో అంతస్తు కిటికీలోంచి దక్షిణంగా చూస్తే షుఐబా రేవు, చమురు కర్మాగారాల పొగ గొట్టాలు కనిపిస్తాయి. పెద్దాయన కూతురు ఆ ఫ్యాక్టరీల్లో ఇంజినీరు. అక్కడి ఇళ్ల వాడుక ప్రకారం మా చెల్లెలు ఆమెను మామా అంటుంది, ఆయన్ను బాబా అంటుంది. నేను వెన్ గారు అన్నాను.

ఆయనకు ఎనభై ఒకటో ఏడు. సన్నగా, గుండీలు మెడదాకా పెట్టుకున్న నీలం చొక్కాలో ఉన్నారు. మోకాళ్లు పనిచేయవు. కళ్లలో నడుమ భాగం మసకబారింది. రంగులు తెలుస్తాయి, దూరపు అంకెలు తెలియవు. ఆయన ఇంగ్లీషు మెల్లగా, చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది కాబట్టి నాకు అందింది. అందని చోట రమణమ్మ తన అరబ్బీ, ఇంగ్లీషు, తెలుగు కలిపి దాటించింది.

ఆయన పుట్టింది ఒక నది ఒడ్డు ఊరిలో. తండ్రి కుంచె పట్టి అక్షరాలు రాయడం నేర్పే ఉపాధ్యాయుడు. కొడుకు గణితం చదివాడు. కష్టకాలంలో చదువుకున్నవాళ్లందర్నీ పల్లెలకు తోలినప్పుడు ఈయన్ను నది నీటిమట్టం కొలిచే గుడిసెకు పంపారు. నాలుగేళ్లు ఒంటరిగా ఉన్నారు. కాగితం దొరికేది కాదు. గుడిసె ముందు నల్లబండ మీద కుంచెతో నీళ్లు ముంచి బొమ్మ గీసేవారు. ఎండకు ఆరిపోయేలోపు పూర్తి చెయ్యాలి. "వేసవిలో చిన్న బొమ్మలు, చలికాలంలో పెద్ద బొమ్మలు" అన్నారు. మా ఊరి నల్లబండలు నాకు కళ్లముందు కదిలాయి.

తర్వాత విశ్వవిద్యాలయంలో నీటి ప్రవాహాల గణితం చెప్పారు. రేవులకు ఆటుపోట్ల పట్టికలు తయారుచేశారు. అదే కాలంలో ఆయన బొమ్మలు గోడలకెక్కాయి. ఏడు తీగల వాద్యం ఒకటి ఒళ్లో పెట్టుకుని వాయిస్తారు. ఇన్ని ఎట్లా నేర్చారని అడిగాను.

"ఇన్ని కాదు. ఒకటే" అన్నారు. "నీళ్లను చూడటం."

భార్య పోయాక పదకొండేళ్ల కిందట కూతురి దగ్గరకు వచ్చారు. వచ్చిన వారం నుంచే ఈ పుస్తకం మొదలైంది. నెలకొక పెద్ద కాగితం. వరుసకు ఏడు గళ్లు, సోమవారంతో మొదలు. గడి అగ్గిపెట్టె అంత. అందులో ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు సముద్రం ఏ రంగులో ఉందో ఆ రంగు, దాని కింద నీటిమట్టం సెంటీమీటర్లలో. నూటముప్పై రెండు కాగితాలు మడతలుగా అతికించి ఉన్నాయి. నడుస్తున్న నెల వదిలేస్తే నాలుగు వేల పద్దెనిమిది రోజులు. ఏ ఒక్క గడీ ఖాళీ లేదు.

వచ్చే ఆదివారం ఆ పుస్తకాన్ని సముద్రం మీద పరిశోధన చేసే ఒక సంస్థకు ఇచ్చేసి, నెలాఖరుకు ఆయన సొంతూరు వెళ్లిపోతున్నారు. చివరి పుటలో ఒక వాక్యం రాయాలి: ఇందులో ప్రతి అంకె కంటితో చూసి రాసినదే. దాని కింద ఆయన ముద్ర, సరిచూసినవాడిగా నా సంతకం.

కొయ్య

సోమవారం సాయంత్రం రమణమ్మ వెంట ఒడ్డుకు దిగాను. రాళ్ల తిన్నె చివర ఇనుప గొట్టానికి ఒక కొయ్య బిగించి ఉంది. దాని మీద నలుపు తెలుపు పట్టీలు, అంకెలు. మొదటి ఎనిమిదేళ్లు వెన్ గారే దిగి చూసుకున్నారు. మోకాళ్లు పోయాక ఈ మూడేళ్లు మా చెల్లెలు చూసి చీటీ మీద రాసి తెస్తోంది. రంగు మాత్రం ఆయనే కిటికీలోంచి చూసి వేస్తారు, అంకెను భూతద్దం పెట్టుకుని కుంచెతో ఎక్కిస్తారు.

ఆమె వంగి, అల రెండుసార్లు లేచి పడేదాకా ఆగి, నడిమి అంకె చెప్పింది. చేతిలో పెన్ను పట్టిన తీరు చూసి నాకు ముచ్చటేసింది.

"బాగా చూస్తాండావు మే" అన్నాను.

"మరి? చెల్లెలు ఎవురికనుకున్యావు?" అంది.

ఐదో వరుస

నా పని నెలసరి మొత్తాలు, సగటులు సరిచూడటం. మంగళవారానికి తొంభై ఆరు కాగితాలు, అంటే ఆయన సొంతంగా చూసిన ఎనిమిదేళ్లు అయిపోయాయి. ఏడు తప్పులు దొరికాయి, అన్నీ కూడికలోవే. ఆయన ప్రతిదానికీ తల వంచి, దిద్ది, పక్కన చిన్న ఎర్ర చుక్క పెట్టారు. మధ్యాహ్నం రమణమ్మ రాగి సంగటి కెలికితే ఆయన రెండు పుల్లలతో విరుచుకుని చారులో ముంచి తిన్నారు. "సాల్లే, సాల్లే" అని ఆమె మాటతోనే ఆమెను ఆపారు.

బుధవారం చివరి మూడేళ్ల కాగితాలు తీశాను. మొత్తాలన్నీ సరిపోతున్నాయి. అయినా ఐదో నిలువు వరుస, అంటే శుక్రవారాల దగ్గర కన్ను ఆగుతోంది. గురువారం 164, శుక్రవారం 151, శనివారం 138. తర్వాతి వారం 97, 112, 127. శుక్రవారం దాదాపు ప్రతిసారీ సరిగ్గా నడుమ నిలబడింది. సముద్రం అట్లా నడవదు. ఒక వారం నడిమి రోజు రెండింటికంటే పైకి పోతుంది, ఇంకో వారం కిందికి పోతుంది. ఇంకో చోట 143, 131, 120 ఉంది. రెండు కొసలూ కూడితే 263. సగం చేస్తే నూటముప్పై ఒకటిన్నర. ఆ అర వదిలేశారు.

అర వదిలేసే పద్ధతి మాది. బండ మందం రెండు కొసల్లో కొలిచి, కూడి, సగం చేసి, మిగిలిన అరను కొన్నవాడికి వదిలేస్తాం. మా యూనిట్‌లో అట్లా రాయడం నేర్పింది నేనే. పెళ్లికి ముందు రెండేళ్లు రమణమ్మ నా పక్కనే కూర్చుని రాసింది.

ఎనిమిదేళ్ల పాత కాగితాలతో పోల్చాను. అన్నేళ్లలో అట్లా కుదిరిన శుక్రవారాలు పదకొండే. ఈ మూడేళ్లలో ఉన్న నూటయాభై ఆరు శుక్రవారాల్లో నూటముప్పై రెండు. రెండుసార్లు లెక్కపెట్టాను. పెన్సిలు పక్కన పెట్టి కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను.

రాళ్ల తిన్నె మీద

నాలుగు గంటలకు ఆమె వెంట మళ్లీ దిగాను. ఆమె అంకె రాసుకున్నాక అడిగాను.

"రవణా, శుక్రవారం ఈ కొయ్య ఎవురు చూస్తాండారు?"

"నేనే."

"ఫర్వానియాలో కూచోనా?"

ఆమె చీటీని మడిచింది. ఇంకా చిన్నగా మడిచింది.

"నువ్వు నేర్పిచ్చిందే గదన్నా. రెండు కొసలూ కూడి సగం చెయ్ అంటివి."

"అది బండ మే. బండ కదలదు."

షుఐబా గొట్టాల పొగ నీళ్ల మీదికి వంగి పోతోంది. ఆమె అటే చూస్తూ చెప్పింది.

"మొదట్లో శుక్రవారం గూడా చూస్తి. నాకు ఈడ ఎవురూ తెలీదు గదా, యాడికి పోయేది. తర్వాత మనోళ్లు తెలిసిరి. వారమంతా ఈ ఇంట్లో మాటకు మాట ఇచ్చేటోళ్లు లేరు. ఆ ఒక్క దినం ఫర్వానియాలో మన మాట ఇని, మన కూడు తిని వస్తా. కొయ్య కాడికి పోలేదని బాబాకు చెప్దామనే అనుకున్యా. ఆయప్పేమో ఒక్క గడీ ఖాళీ లేదని చేత్తో తడుముకుని మురిసిపోతాండాడు. చెప్తే ఆ దినం గూడా ఉండిపొమ్మంటాడేమో అనిపించె."

"ఆదివారం నేను సంతకం పెట్టాల."

"తెలుసు."

"పెట్టలేను."

ఆమె ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "బాబా పోతానే మామా నన్ను వాళ్ల ఆఫీసాయన ఇంటికి మారుస్తానన్యాది. కాగితం మింద ఇంకా సంతకం కాలా. దొంగ లెక్క రాసిందని తెలిస్తే ఎవురు పెట్టుకుంటారు? ఖలాస్. మా పాప నర్సింగు సదువు ఇంకా రెండేండ్లుంది."

ఇల్లు చేరేదాకా ఆమే మాట్లాడింది. "నువ్వు చెప్పొద్దు. నాకు తెల్లారేదాకా టైమియ్యి. నేనే చెప్తా."

గురువారం

ఉదయం రమణమ్మ టీ తెచ్చి ఆయన ముందు పెట్టి, పళ్లెం చేతిలోనే పట్టుకుని నిలబడి చెప్పింది. మూడు భాషలూ కలిపి చెప్పింది. మధ్యలో ఒకసారి ఆయన ఆపి, "ఎన్ని?" అని నన్ను చూసి అడిగారు. నూటముప్పై రెండని చెప్పాను. నా కాగితం తీసుకుని భూతద్దంతో మొదటి నుంచి చివరిదాకా చదివారు. టీ చల్లారిపోయింది.

ఆయన వాద్యాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. ఒక తీగ బిగించారు. వాయించలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి ముఖంలో అంత అలసట నేను చూడలేదు. నేను పోకుండా ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

తల ఎత్తకుండానే అన్నారు. "శుక్రవారం ఆమె పొద్దున పోతుంది. చీకటి పడ్డాక వస్తుంది. ఆ చీటీ శనివారం చీటీతో కలిపి ఇస్తుంది. ఈ ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నాలుగు గంటలకు కొయ్య దగ్గర ఎవరున్నారని నేను అడగలేదు." తీగ మీది చెయ్యి తీశారు. "అడిగితే గడి ఖాళీ అవుతుంది."

కూతురు మాత్రం అట్లా తీసుకోలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, విని, చెప్పులు కూడా విప్పకుండా రమణమ్మను అడిగింది. "రేపు మా ఆఫీసాయన నన్ను, ఈ మనిషి మాట నమ్మొచ్చా అని అడుగుతాడు. నేనేం చెప్పాలి?"

మామా లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మైదా బంక

కాగితానికి పట్టిన సిరాను తుడిచేయడం కుదరదు. వెన్ గారి దేశంలో పాత చిత్రాలను బాగుచేసేవాళ్లు చెడిన ముక్కను కోసి తీసేసి, వెనక నుంచి తెల్లకాగితం అతికిస్తారట. అట్లాగే చేద్దామన్నారు. రంగు తాను చూసి వేసిందే, అది ఉంటుంది. అంకె మాత్రం పోవాలి.

శుక్రవారం రమణమ్మ ఫర్వానియాకు పోలేదు. మైదాపిండి పలచగా ఉడికించి బంక చేసింది. నేను జాబితా చదివాను. ఆయన సన్నని కత్తితో, భూతద్దం కింద, అంకె చుట్టూ కోశారు. ఆమె వెనక నుంచి ముక్క అతికించి వేలితో అద్దింది. మొదటి పది గళ్లకు గంటన్నర పట్టింది. తర్వాత చేతులు కుదిరాయి. తెల్ల గళ్లు ఒకదాని కింద ఒకటి దిగుతూ పోయాయి. ఆయన ఒకసారి కాగితాన్ని దూరంగా పెట్టి చూశారు. తమ చిత్రాల్లో పొగమంచును వెయ్యరని, అక్కడ కాగితాన్ని తెల్లగా వదిలేస్తారని అన్నారు. అన్నాక మళ్లీ కత్తి తీసుకున్నారు.

శనివారం మధ్యాహ్నం చివరి పుట వాక్యం పెన్సిలుతో రాసిపెట్టమన్నారు. రాశాను: మొత్తం 4018 రోజులు. చూసి రాసినవి 3886. చూడనివి 132.

మిగిలినవి పాతికలోపే. తర్వాతిది చదివాను. ఈ ఏడు మార్చిలో రెండో శుక్రవారం.

"అది వద్దు" అంది రమణమ్మ. "అది చూసిందే."

కాగితం ఇంకా విప్పలేదు. నా జాబితాలో గురువారం 118, శుక్రవారం 125, శనివారం 132 ఉంది. సరిగ్గా నడుమ.

"లెక్క ప్రకారం ఇది నీదే మే" అన్నాను.

"లెక్కకేం తెలుసు? ఆ వారం నా కాళ్లు వాసి యాడికీ పోలా. నాలుగ్గంటలకు కుంటుకుంటా దిగినా. ఎవురిదో వల తెగొచ్చి కొయ్యకు సుట్టుకొనుండె. నారింజ రంగు బెండ్లు, ఇంతింత. నంబరు కనపల్యా. చేత్తో వల పక్కకు లాగి చూస్తి. నూటిరవై ఐదే. దేవుని మింద ఒట్టు."

మామా గది గుమ్మంలో నిలబడి ఉంది. పాత ఎనిమిదేళ్లలో పదకొండుసార్లు సముద్రమే ఈ పని చేసిందని నేను మరిచిపోలేదు. నిజంగా చూసిన అంకె కూడా అప్పుడప్పుడు నడుమ నిలబడుతుంది. కానీ ఏది అటువంటిదో లెక్క చెప్పలేదు. నూటముప్పై ఒక్కసార్లు చూడని మనిషి నూటముప్పై రెండోది చూశానంటే నేను దేన్ని పట్టుకుని ఒప్పుకోవాలి?

వెన్ గారు ఆ నెల కాగితం మడత విప్పమని సైగ చేశారు. విప్పాను. ఆయన రెండో వరుసలో ఐదో గడి మీద భూతద్దం పెట్టి వంగారు. వెంటనే లేవలేదు. తర్వాత అద్దం నా చేతికిచ్చారు.

గడి నిండా లేత ఆకుపచ్చ రంగు. దాని కింది అంచు దగ్గర, గుండుసూది తల కంటే చిన్నవి, నాలుగు నారింజ చుక్కలు. ఆ శుక్రవారం ఆయన కిటికీలోంచి చూసి వేసిన బెండ్లు.

కూతురిని పిలిచి అద్దం ఆమెకూ ఇచ్చారు. ఆమె చూసి, ఒకసారి తండ్రి కుంచెల డబ్బా వైపు, ఒకసారి రమణమ్మ వైపు చూసింది. లోపలికి వెళ్లి, బదిలీ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, నిలబడే సంతకం చేసింది. మా చెల్లెలు ఏడుస్తుందనుకున్నాను. బంక ఆరిపోతోందని గిన్నెలో నీళ్లు చల్లింది.

మిగిలిన గళ్లు చీకటి పడేలోపు అయిపోయాయి. నేను చివరి పుట తెరిచి, 3886, 132 రెండూ రబ్బరుతో చెరిపాను. వెన్ గారు నా చేతిలోంచి పుస్తకం తీసుకుని రమణమ్మ ముందుకు జరిపారు. సిరాలో ముంచిన కుంచెను ఆమెకు ఇచ్చారు.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, కుంచెను పెన్ను పట్టినట్టే పట్టుకుని, నిదానంగా రాసింది. చూసి రాసినవి 3887. చూడనివి 131. ఆఖరి ఒకటి కొంచెం వంకర పోయింది. దాని పక్కన ఆయన ముద్ర వేశారు. నేను సంతకం పెట్టాను.